అమ్మానాన్నల కోసం 25 వేల లోపు టీవీ: 32 అంగుళాలా, 43 అంగుళాలా?

గోస్తనీతీరం

సభ్యులందరికీ నమస్కారం. తణుకులో ఉంటున్న మా అమ్మానాన్నలకు కొత్త టీవీ కొనవలసిన అవసరం వచ్చింది. పదేళ్లకు పైగా వాడుతున్న 24 అంగుళాల ఎల్‌ఈడీ టీవీలో పోయిన నెల నుంచి మాట వినిపిస్తోంది గాని బొమ్మ రావడం లేదు. నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు దగ్గరుండి కొని, బిగించి రావాలని ఆలోచన. గోడ బ్రాకెట్టు, బిగించే మనిషి కూలీ అన్నీ కలిపి 25 వేల రూపాయలు దాటకూడదు.

నాన్నగారికి వార్తలు, క్రికెట్టు కావాలి. అమ్మకు సీరియళ్లు, భక్తి చానెళ్లు కావాలి. ఆమెకు కుడి చెవి సరిగా వినబడదు. ఇద్దరూ మంచం మీద కూర్చుని చూస్తారు. మంచానికీ గోడకూ మధ్య సుమారు 9 అడుగుల దూరం ఉంటుంది. కేబుల్ పెట్టె మామూలుదే, హెచ్‌డీ కాదు. ఇంట్లో వైఫై ఉంది గాని ఓటీటీలు చూసేది నేను వెళ్లినప్పుడు మాత్రమే. ఇక్కడి షోరూములో అడిగితే 43 అంగుళాల 4కె క్యూఎల్‌ఈడీ టీవీని 22 వేలకు ఇస్తామన్నారు. ఆ కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు. పేరున్న కంపెనీదైతే ఇంచుమించు అదే ధరకు 43 ఫుల్ హెచ్‌డీ వస్తుందనీ, 32తో సరిపెట్టుకుంటే పది వేల దాకా మిగులుతాయనీ చెప్పారు. ఏది మేలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఓరుగల్లు మెకానిక్

కొత్తది కొనే ముందు పాతదాన్ని ఒకసారి పరీక్షించండి. మాట వచ్చి బొమ్మ రాకపోతే టీవీ పోయినట్టు కాదు. రాత్రి గదిలో లైట్లు ఆర్పి, టీవీ పెట్టి, టార్చి వెలుగును తెర మీద ఏటవాలుగా పడేలా చాలా దగ్గరగా పట్టి చూడమనండి. ఆ వెలుగులో మనుషుల ఆకారాలు నీడల్లా కదులుతూ కనబడితే ప్యానెల్, అంటే బొమ్మ ఏర్పడే తెర, బాగున్నట్టే. వెనకాల వెలగవలసిన లైట్ స్ట్రిప్పులు పోయాయి, అంతే. స్ట్రిప్పులో ఒక్క బల్బు మాడినా కొన్ని సెట్లలో మొత్తం ఆరిపోతుంది. 24 అంగుళాల సెట్టుకు కొత్త స్ట్రిప్పులు వేసి బిగించడానికి మా దగ్గర వెయ్యి రూపాయల లోపే అవుతుంది. ప్యానెలే పోయి ఉంటే మాత్రం బాగుచేయించకండి, దాని ఖరీదు ఇంచుమించు కొత్త టీవీ ఖరీదు.

లెక్కల మాస్టారు

గోస్తనీతీరం గారూ, మీరు ఇచ్చిన వివరాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ధర కాదు, ఆ 9 అడుగులు. మామూలు కంటిచూపు ఉన్న మనిషి డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కన్నా చిన్న వివరాలను విడదీసి చూడలేడు. 9 అడుగుల దూరంలో ఆ కోణానికి 0.8 మిల్లీమీటరు వస్తుంది. 43 అంగుళాల తెర వెడల్పు 95 సెంటీమీటర్లు. దాన్ని ఫుల్ హెచ్‌డీలో 1,920 చుక్కలుగా పంచితే ఒక్కొక్కటి అర మిల్లీమీటరు. అంటే మీ మంచం మీద నుంచి ఫుల్ హెచ్‌డీ చుక్కలే కంటికి విడిగా ఆనవు. 4కెలో అవి ఇంకా సగమైతే నాన్నగారికి కలిగే లాభం ఏమీ లేదు.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. మామూలు కేబుల్ చానెల్ బొమ్మ 720 అడ్డం, 576 నిలువు, వెరసి 4,14,720 చుక్కలు. 4కె తెరలో 3,840 అడ్డం, 2,160 నిలువు, వెరసి 82,94,400 చుక్కలు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే సరిగ్గా 20 వస్తుంది. మీ కేబుల్ పెట్టె పంపే ప్రతి ఒక్క చుక్క నుంచీ టీవీ ఇరవై చుక్కలు తయారు చేయాలి, తక్కిన పందొమ్మిదీ దాని ఊహే. ఫుల్ హెచ్‌డీ తెరైతే అయిదే చేయాలి. ఈ ఊహ బాగా చేసే చిప్పు ఖరీదైనది కాబట్టి, చవకగా అమ్మే 4కె టీవీలో కంపెనీ మొదట మిగుల్చుకునేది అక్కడే.

విశాఖ బౌండరీ

మాస్టారి లెక్కను కాదనను గాని, దానిలో ఒక లోపం ఉంది. 43 అంగుళాల్లో చాలా కంపెనీలు కొత్త చిప్పులు, ఎక్కువ మెమొరీ 4కె మోడళ్లకే ఇస్తున్నాయి. ఫుల్ హెచ్‌డీవి రెండు మూడేళ్ల కిందటి సరుకును కదిలిస్తూ ఉన్నవే ఎక్కువ. మీరు ఇంటికి వెళ్లినప్పుడు ఓటీటీలో సినిమా పెడితే 4కె తేడా తెలుస్తుంది. టీవీ ఒకసారి కొంటే ఏడెనిమిదేళ్లు ఉంటుంది కదా, ఈనాటి కేబుల్ పెట్టెను చూసి దాన్ని ఎంచుకోవడం ఎంతవరకు సబబు?

క్రికెట్టు కోసం అని 120 హెర్ట్జ్ (తెర సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చడం) మాటలు చెబితే మాత్రం నమ్మకండి. మీ ధరలో ప్యానెల్ 60 హెర్ట్జే ఉంటుంది; అట్ట పెట్టె మీద మోషన్ రేటు అనో మరొకటి అనో పెద్ద అంకె వేసినా అది వాళ్లు పెట్టుకున్న పేరే. మన దేశంలో హెచ్‌డీ క్రికెట్ ప్రసారం సెకనుకు 50 ఫీల్డుల (సగం సగం బొమ్మల) చొప్పున వస్తుంది, దానికి 60 హెర్ట్జ్ ప్యానెల్ చాలు.

కోఠీ తిరుగుబోతు

ధర గురించి నాలుగు మాటలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 32, అంతకన్నా చిన్నవాటి మీద ముందు నుంచీ 18 శాతమే. పన్ను కలిపి 25,000కు అమ్మిన 43 అంగుళాల టీవీ, కంపెనీ ధర మారకపోతే, ఇప్పుడు సుమారు 23,050కి రావాలి. షాపువాళ్లు ఆ తగ్గిన రెండు వేలనే పండగ డిస్కౌంటు అని చూపిస్తున్నారేమో గమనించండి. ఎంఆర్‌పీ మీద యాభై శాతం తగ్గింపు అనే మాటకు అర్థమే లేదు, ఆ ఎంఆర్‌పీకి ఎవరూ ఎన్నడూ కొనలేదు.

నో కాస్ట్ ఈఎంఐ అన్నది కూడా పూర్తిగా ఉచితం కాదు. వడ్డీ మేరకు షాపువాళ్లు ధర తగ్గిస్తారు గాని, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీని, ప్రాసెసింగ్ ఫీజును బ్యాంకు మీ దగ్గరే తీసుకుంటుంది. బిగించడానికి వచ్చిన మనిషి బ్రాకెట్టుకు పన్నెండు వందలు అడిగితే, అలాంటి బ్రాకెట్టే మా హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో సగానికి దొరుకుతుంది. టీవీ వెనక నాలుగు మరల మధ్య దూరం ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి ఆ అంకె చెబితే చాలు.

కువైట్ కోనసీమ

మా వాళ్లలో చాలామంది ఇప్పటికీ గల్ఫ్ నుంచి ఎవరైనా వస్తుంటే టీవీ తెమ్మని అడుగుతారు. మీకూ ఎవరైనా ఆ సలహా ఇస్తే వద్దనండి. విమాన ప్రయాణికులు సుంకం లేకుండా తెచ్చుకునే సామాన్లలోంచి ఫ్లాట్ టీవీని 2013 ఆగస్టులోనే తీసేశారు. నేను అంతకుముందు ఏడాది తెచ్చిన 40 అంగుళాల టీవీ అమలాపురంలో పాడైతే, ఆ మోడల్ ఇక్కడ అమ్మలేదు కాబట్టి విడిభాగాలు లేవని సర్వీసువాళ్లు చేతులెత్తేశారు. నాలుగేళ్లు అటక మీద ఉండి చివరికి పాత సామాన్లవాడికి పోయింది.

అనంత గృహిణి

ఇంతమంది బొమ్మ గురించే మాట్లాడుతున్నారు గాని, అమ్మగారి చెవి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇప్పటి టీవీలు పలచగా ఉండడంతో స్పీకర్లు కింది అంచున నేలవైపు తిరిగి ఉంటాయి. 20 వాట్లు అని రాసి ఉన్నా మాట స్పష్టంగా వినబడదు. మా అత్తగారికి సీరియల్‌లో సంగీతం మాత్రమే వినబడి మాటలు వినబడక, ప్రతి రెండు నిమిషాలకూ ఏమన్నాడే అని అడిగేవారు. చివరికి సౌండ్ సెట్టింగుల్లో స్పీచ్ అనో క్లియర్ వాయిస్ అనో ఉండేదాన్ని ఎంచుకున్నాక సగం సమస్య తీరింది. షాపులో బొమ్మ చూసినట్టే, వార్తల చానెల్ పెట్టించి, శబ్దం తగ్గించి, తొమ్మిది అడుగులు వెనక్కి నిలబడి వినండి. రేపెప్పుడైనా సౌండ్‌బార్ కొనాలంటే టీవీ శబ్దాన్ని దానికి పంపే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ పోర్టు ఉండాలి, అది ఇప్పుడే చూసుకోండి.

ఇంకో సంగతి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా స్మార్ట్ టీవీ తన యాప్‌ల పేజీ మీద తెరుచుకుంటుంది, పెద్దవాళ్లకు అక్కడి నుంచి కేబుల్‌కు వెళ్లడం తెలియదు. చాలా టీవీల్లో ఆన్ చేయగానే చివరగా చూసిన ఇన్‌పుట్‌కే వెళ్లేలా సెట్టింగు ఉంటుంది. అది లేని టీవీని నేనైతే మా అమ్మకు కొనను.

గోస్తనీతీరం

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి వీడియో కాల్‌లో నాన్నగారి చేత టార్చి పరీక్ష చేయించాను. మొదట ఏమీ లేదన్నారు. టార్చిని తెరకు ఇంకా దగ్గరగా, పక్క నుంచి పట్టమన్నాక, "ఒరేయ్, ఎవరో వార్తలు చదువుతున్నార్రా" అన్నారు. మెకానిక్ గారూ, మీరు చెప్పినట్టే ప్యానెల్ బాగుంది. అయినా కొత్త టీవీ మానడం లేదు, ఎందుకంటే 24 అంగుళాల తెర మీద కింద నడిచే వార్తల వరస చదవడానికి నాన్నగారు చాలా కాలంగా మంచం దిగి ముందుకు వెళుతున్నారని ఇప్పుడే అమ్మ చెప్పింది.

32, 43 కొలతల్లో పాత దినపత్రికలను అతికించి గోడకు అంటించమన్నాను. 32 అంటే 71 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు; 43 అంటే 95 వెడల్పు, 54 ఎత్తు. 32 కాగితం చూసి అమ్మ, పాతదానికీ దీనికీ పెద్ద తేడా ఏముంది అంది. కాబట్టి ఆ చర్చ ముగిసినట్టే. ఒక సందేహం ఉంది. మంచానికి ఎదురుగా కాకుండా వంటగది గుమ్మంలోంచి, బాగా పక్క నుంచి, అమ్మ చూస్తూ ఉంటుంది. తూర్పు కిటికీ వెలుగు కూడా తెర మీద పడుతుంది. వీటికి ఏ రకం ప్యానెల్ మంచిది? క్యూఎల్‌ఈడీ అయితే ఏమైనా తేడా ఉంటుందా?

లెక్కల మాస్టారు

క్యూఎల్‌ఈడీ అన్నది ఎల్‌ఈడీ టీవీయే, వెనక లైట్లకూ తెరకూ మధ్య రంగులను మెరుగుపరిచే క్వాంటం డాట్ పొర ఒకటి అదనంగా ఉంటుంది. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, రెండిటికీ పేరులోనే పోలిక. ఇక పక్క నుంచి చూసే మాట: ఎల్‌ఈడీ టీవీల ప్యానెళ్లలో వీఏ, ఐపీఎస్ అని ముఖ్యంగా రెండు రకాలు. వీఏ ప్యానెల్‌లో నలుపు చిక్కగా ఉంటుంది, పక్కకు జరిగితే రంగులు వెలిసినట్టవుతాయి. ఐపీఎస్‌లో పక్క నుంచి బాగానే కనబడుతుంది, చీకటి గదిలో నలుపు బూడిదరంగుగా ఉంటుంది. మీ ఇంట్లో పగటి వెలుగులో, గుమ్మంలోంచి చూస్తారు కాబట్టి నేనైతే ఐపీఎస్ వైపు మొగ్గుతాను. అట్ట పెట్టె మీద ఏ రకమో రాయరు, అందువల్ల షాపులోనే బాగా పక్కకు నిలబడి మనుషుల ముఖాలను చూడండి, పాలిపోతే అది వీఏ.

బౌండరీ గారి అభ్యంతరానికి సమాధానం. టీవీ ఎనిమిదేళ్లు ఉంటుంది నిజమే, పెట్టె మార్చడం మాత్రం ఒక్క రోజు పని. మిగిలిన డబ్బుతో కేబుల్ ఆపరేటరు దగ్గర హెచ్‌డీ పెట్టె తీసుకుంటే, ఏ టీవీ కొన్నా దాని బొమ్మ అంతకన్నా ఎక్కువగా మెరుగుపడే మార్గం ఈ బడ్జెట్‌లో మరొకటి లేదు.

విశాఖ బౌండరీ

హెచ్‌డీ పెట్టె మాటతో నేనూ ఏకీభవిస్తాను, ఫుల్ హెచ్‌డీ తెరకు అది అచ్చంగా సరిపోతుంది. వెలుగునీడల తేడాను పెంచి చూపిస్తామనే హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ ముద్రలు చూసి మాత్రం 4కె వైపు వెళ్లకండి. నా టీవీకి ఆ ముద్రలన్నీ ఉన్నాయి గాని, తెరకు తగినంత వెలుగు లేక హెచ్‌డీఆర్ సినిమా పెడితే మామూలు సినిమా కన్నా చీకటిగా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో కొని నష్టపోయినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ఓరుగల్లు మెకానిక్

కంపెనీ ఏదైనా, దాని వెబ్‌సైటులో మీ తణుకు పిన్‌కోడు వేసి సర్వీసు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. తాడేపల్లిగూడెం, భీమవరం, రాజమహేంద్రవరం, ఈ మూడిట్లో ఒకచోట సొంత సెంటరు ఉన్న కంపెనీదే కొనండి. మనిషి విజయవాడ నుంచి రావాలంటే మీ నాన్నగారు ఫోన్ చేసి చేసి విసిగిపోతారు. బిల్లు మీద మోడల్ నంబరు పూర్తిగా, చివరి అక్షరం దాకా ఉండేలా రాయించుకోండి. ఒకే పేరుతో రెండు మూడు రకాల ప్యానెళ్లు వస్తుంటాయి, వారంటీ గొడవలన్నీ అక్కడే పుడతాయి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. నిండా తెలుపు, నిండా బూడిదరంగు బొమ్మలు పెన్‌డ్రైవులో పెట్టుకుని వెళ్లి ఆడిస్తే మచ్చలు, నల్ల చుక్కలు అప్పుడే బయటపడతాయి.

బిగించాక చేయవలసిన మొదటి పని బ్యాక్‌లైట్ తగ్గించడం. కొత్త టీవీ వివిడ్ మోడులో, వెలుగు పూర్తిగా పెంచి వస్తుంది, అది షాపు కోసం పెట్టిన అమరిక. అలాగే వదిలేసిన సెట్లే స్ట్రిప్పులు మాడి నా బల్ల మీదికి వస్తాయి. స్టాండర్డ్ గాని సినిమా గాని పెట్టి, బ్యాక్‌లైట్‌ను అరవై డెబ్బై మధ్యకు దించండి. పిడుగుల రోజుల్లో ప్లగ్గుతో పాటు కేబుల్ పెట్టె నుంచి వచ్చే వైరు కూడా పీకేయాలి, నా దగ్గరికి వచ్చే మాడిన బోర్డుల్లో చాలావాటికి దెబ్బ ఆ వైరు దారిలోనే తగిలింది.

గోస్తనీతీరం

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, టీవీ కొన్నాం. పండగకు మూడు రోజుల ముందు నాన్నగారిని తీసుకుని తణుకులోనే షోరూముకు వెళ్లాను. గోడ నిండా టీవీల్లో పూలు, చిలకలు, నీళ్లలో చేపలు తిరుగుతున్నాయి, అన్నీ ఒకదాన్ని మించి ఒకటి బాగున్నాయి. అవి ఆపి మామూలు కేబుల్ చానెల్ పెట్టమని అడిగితే అబ్బాయి మొదట కుదరదన్నాడు. కొనేది దాని కోసమే అన్నాక మేనేజరు లోపల ఉన్న కేబుల్ పెట్టె తెప్పించి రెండు టీవీలకు మార్చి మార్చి తగిలించాడు.

తేడా నేను చెప్పేలోపే నాన్నగారు చెప్పారు. పేరు తెలియని 4కె టీవీలో వార్తలు చదివే అమ్మాయి ముఖం మైనపు బొమ్మలా నున్నగా ఉంది. కింద నడిచే వరసలో అక్షరాలు ఉన్నాయి గాని వాటి కింది వత్తులు అలుక్కుపోయాయి. రాష్ట్రం అన్న మాటలో ట వత్తు, ర వత్తు కలిసి ఒక ముద్దలా కనబడ్డాయి. పేరున్న కంపెనీ ఫుల్ హెచ్‌డీ టీవీలో అదే వరస తొమ్మిది అడుగుల నుంచి కళ్లజోడు లేకుండా గడగడా చదివేశారు. గుమ్మం పరీక్ష కూడా చేశాం, ముఖాలు పాలిపోలేదు. ఆన్ చేయగానే చివరి ఇన్‌పుట్‌కు వెళ్లే సెట్టింగు, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ రెండూ ఉన్నాయి. యాప్‌లు తెరుచుకోవడం కొంచెం నెమ్మదే. బౌండరీ గారు చెప్పింది అక్కడ నిజమే అయింది, దానికి నేను సర్దుకుంటాను.

టీవీ 22,990, బ్రాకెట్టు, కూలీ కలిపి 800, కేబుల్ ఆపరేటరు హెచ్‌డీ పెట్టెకు తీసుకున్నది 1,100. మొత్తం 24,890. వాయిస్ మోడు పెట్టాం. దానితో పాటు అమ్మను మంచం మీద అటు చివరికి మార్చి, ఎడమ చెవి టీవీ వైపు ఉండేలా కూర్చోబెడితే, నాన్నగారికి భరించదగిన శబ్దంలోనే ఆమెకూ మాట వినబడుతోంది. దీనికి పైసా ఖర్చు కాలేదు.

ఓరుగల్లు మెకానిక్

మంచి ఎంపిక. తెర తుడిచేటప్పుడు నీళ్లు గాని, అద్దాలు తుడిచే మందు గాని తెర మీద చల్లవద్దని అమ్మగారికి చెప్పండి. అది జారి కింది అంచులోంచి లోపలికి దిగుతుంది, చాలా సెట్లలో ప్యానెల్‌కు అతికించిన సన్నటి రిబ్బన్లు సరిగ్గా అక్కడే ఉంటాయి. తడి తగిలితే నిలువు గీతలు వస్తాయి, దాన్ని వారంటీలో బాగుచేయరు. పొడి మెత్తటి గుడ్డ చాలు. పాత సెట్టును ఏం చేశారు?

గోస్తనీతీరం

స్ట్రిప్పులు మార్పించాం, 900 తీసుకున్నారు. అది నా 25 వేల లెక్కలోకి రాదని నాన్నగారు తన పింఛనులోంచి ఇచ్చారు. హెచ్‌డీ పెట్టె వచ్చాక ఖాళీ అయిన పాత పెట్టెను ఆ టీవీకి తగిలించి, నెలనెలా రెండో కనెక్షన్ డబ్బు కట్టేలా ఆపరేటరుతో మాట్లాడి వంటగదిలో పెట్టించాను. నిన్న మ్యాచ్ జరుగుతున్నప్పుడు ఫోన్ చేస్తే అమ్మ వంటగదిలో సీరియల్ చూస్తోంది.